మెదడు కణితి అంచును వెదకిన కాంతి: గాజు పట్టకము నుంచి రామన్ వర్ణపటము వరకు

నేను శస్త్రవైద్యములో శిక్షణ పొందుతున్న రోజులలో, మెదడులో కణితి ఏర్పడిన ఒక యువకుని శస్త్రచికిత్సలో సహాయకునిగా నిలబడే అవకాశము కలిగింది. ఆరు గంటల తరువాత మా ఆచార్యులు బయటకు వచ్చారు. గోడకు చేరగిలబడి కూర్చున్న ఆ యువకుని తల్లి లేచి వచ్చి ఒక్కటే ప్రశ్న అడిగింది: "అంతా తీసేశారా, డాక్టరు బాబూ?" మా ఆచార్యులు ఆమె ముఖము వంక చూసి, "కంటికి కనిపించినంత వరకు తీశామమ్మా" అన్నారు.

ఆ సమాధానములో అబద్ధము లేదు. ఆమెకు మాత్రము అది సరిపోలేదు. మాకూ సరిపోలేదు. కంటికి కనిపించనిది ఎంత మిగిలిందో ఆ గదిలో ఉన్న ఏ ఒక్కరికీ తెలియదు. పది నెలలకు కణితి అదే చోట తిరిగి పెరిగింది.

మెదడు శస్త్రవైద్య చరిత్రలో చాలా భాగము ఆ తల్లి ప్రశ్నకు సమాధానము వెదకుటలోనే గడిచింది. గత కొద్ది దశాబ్దులలో ఆ వెదకులాట కాంతి వైపు మళ్ళింది. కణజాలముపై కాంతిని ప్రసరింపజేసి, తిరిగి వచ్చిన కాంతిని రంగులుగా విడదీసి, అది కణితియా లేక ఆరోగ్యకరమైన మెదడా అని తెలుసుకొనే పద్ధతులు వచ్చాయి. అవి ఎట్లా వచ్చాయో, ఎంత వరకు వచ్చాయో, సామాన్యులు వాటి గురించి ఏమి తెలుసుకోవాలో ఈ వ్యాసములో వివరిస్తాను.

కణితికి అంచు ఎందుకు దొరకదు?

మెదడు కణితులన్నీ ఒకే రకమైనవి కావు. మెదడు పొరల నుంచి పుట్టే మెనింజియోమాలు చాలావరకు పెంకులో గింజ వలె విడిగా ఉంటాయి. వాటిని మెదడు నుంచి వేరు చేసి తీయవచ్చు. నాడీకణములకు ఆధారముగా ఉండే గ్లయల్ కణముల నుంచి పుట్టే గ్లయోమాలు అటువంటివి కావు. నీటిలో పడిన సిరాచుక్క వలె అవి చుట్టూ ఉన్న మెదడులోనికి వ్యాపిస్తాయి. నడుమ కణితి స్పష్టముగా ఉంటుంది. అంచుకు పోయే కొద్దీ కణితి కణములు పలుచబడి, ఆరోగ్యకరమైన కణముల మధ్య కలిసిపోతాయి. ఆ ప్రాంతము కంటికి సాధారణమైన మెదడు వలెనే కనిపిస్తుంది, వ్రేలికి అట్లాగే తగులుతుంది.

ఇతర అవయవములలో క్యాన్సరు వచ్చినపుడు శస్త్రవైద్యులు దాని చుట్టూ కొంత ఆరోగ్యకరమైన భాగమును కూడా కలిపి తీసివేస్తారు. ప్రేగులో అయిదు సెంటీమీటర్లు ఎక్కువ తీసినా రోగి జీవితము సాధారణముగానే సాగుతుంది. మెదడులో అయిదు మిల్లీమీటర్లు ఎక్కువ తీస్తే మాట పోవచ్చు, కుడిచేయి పడిపోవచ్చు. తక్కువ తీస్తే కణితి తిరిగి వస్తుంది. ఈ రెండింటి నడుమ శస్త్రవైద్యుని కత్తి నడవాలి.

1884 నవంబరు 25న లండనులో రిక్‌మన్ గాడ్లీ అనే శస్త్రవైద్యుడు ఒక యువకుని మెదడు లోపలి నుంచి గ్లయోమాను తొలగించారు. కణితి ఉన్న చోటును హ్యూస్ బెన్నెట్ అనే వైద్యుడు రోగి లక్షణములను బట్టి మాత్రమే ఊహించి చెప్పారు. అప్పటికి ఎక్స్-కిరణములు కూడా కనుగొనబడలేదు. ఊహ సరిగా సరిపోయింది, కణితి చెప్పిన చోటనే దొరికింది. అయితే నాలుగు వారములకు రోగి సూక్ష్మాంగజీవుల వలన కలిగిన తాపముతో మరణించాడు. ఆ తరువాతి నలభై సంవత్సరములలో క్రిమిరహిత శస్త్రచికిత్సా పద్ధతులు మెరుగుపడ్డాయి. బోస్టనులో హార్వీ కుషింగ్ రక్తస్రావమును అదుపు చేసే పద్ధతులను ప్రవేశపెట్టి మరణములను చాలా తగ్గించారు. రోగులు శస్త్రచికిత్సకు తట్టుకొని బ్రతుకసాగారు. అపుడు గ్లయోమాల అసలు స్వభావము బయటపడింది. అవి తిరిగి వచ్చేవి.

1928లో అమెరికాలో వాల్టర్ డాండీ తన తెగువతో వైద్యలోకమును నివ్వెరపరచారు. అప్పటికే ఒక ప్రక్క పక్షవాతము వచ్చిన కొందరు గ్లయోమా రోగులలో ఆయన మెదడు కుడి అర్ధగోళమును పూర్తిగా తొలగించారు. సగము మెదడును తీసివేసినా వ్యాధి తిరిగి కనిపించింది. అంచును గ్రుడ్డిగా ఎంత దూరము జరిపినా ప్రయోజనము లేదని దానితో తేలింది. అంచు ఎక్కడ ఉన్నదో చూడగలగాలి.

సూక్ష్మదర్శిని చెప్పే వరకు నిరీక్షణ

చూచుటకు అప్పటికి ఉన్న సాధనము సూక్ష్మదర్శిని. శస్త్రచికిత్స జరుగుతుండగానే చిన్న ముక్కను తీసి, గడ్డకట్టించి, పలుచగా కోసి, రంగు అద్ది పరీక్షించే పద్ధతిని 1905లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లూయిస్ విల్సన్ ఆచరణలోనికి తెచ్చారు. మిన్నెసోటా రాష్ట్రపు చలికాలములో కిటికీ బయట ఉంచిన కణజాలము దానంతట అదే గడ్డకట్టేది. కుషింగ్ వద్ద పనిచేసిన లూయిస్ ఐసెన్‌హార్ట్ అనే వైద్యురాలు తాజా మెదడు కణజాలమును గాజు పలకల మధ్య నొక్కి, రంగు వేసి కొద్ది నిమిషములలో చూసే పద్ధతిని అభివృద్ధి పరచారు. కుషింగ్‌తో కలిసి ఆమె 1930లో దానిని ప్రకటించారు.

నేటికీ ప్రపంచములో చాలా ఆసుపత్రులలో ఈ ఘనీభవన పరీక్షయే ఆధారము. ముక్కను ప్రయోగశాలకు పంపి, ఫలితము వచ్చుటకు ఇరవై నుంచి ముప్పై నిమిషములు పడుతుంది. అంతసేపు తెరచిన పుర్రెతో, మత్తులో ఉన్న రోగితో, చేతులు కట్టుకొని అందరూ ఎదురుచూడాలి. అందువలన ఒక శస్త్రచికిత్సలో నాలుగైదు ముక్కలకు మించి పంపుట కష్టము. అంచు పొడవునా నూరు చోట్ల ప్రశ్న వేయవలసి ఉండగా నాలుగైదు చోట్ల మాత్రమే సమాధానము దొరుకుతుంది. పైగా నైపుణ్యము గల వ్యాధినిర్ధారణ వైద్యుడు ఆ సమయములో అందుబాటులో ఉండాలి.

ఎమ్.ఆర్.ఐ చిత్రములు వచ్చాక శస్త్రచికిత్సకు ముందే కణితిని చూడగలుగుతున్నాము. ఆ చిత్రములను శస్త్రచికిత్సా గదిలో మార్గదర్శకముగా వాడే యంత్రములూ ఉన్నాయి. కాని పుర్రె తెరచి, ద్రవము బయటకు పోయి, కణితిలో కొంత భాగము తీసిన తరువాత మెదడు కొద్దిగా కుంగి ప్రక్కకు జరుగుతుంది. ఉదయము తీసిన చిత్రము మధ్యాహ్నపు మెదడుకు సరిపోదు.

కాంతిని విడదీయుట: గుంటూరు మీదుగా ఒక దారి

ఈ సమస్యకు పరిష్కారము వైద్యుల వద్ద కాక భౌతికశాస్త్రజ్ఞుల వద్ద పెరుగుతూ వచ్చింది. పదిహేడవ శతాబ్దములో న్యూటన్ గాజు పట్టకముతో సూర్యకాంతిని ఏడు రంగుల పట్టీగా విడదీశారు. ఆ పట్టీయే వర్ణపటము. 1814లో జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ ఆ పట్టీలో వందల కొలదీ నల్లని గీతలను గుర్తించారు. 1859-60 ప్రాంతములో హైడెల్‌బర్గులో కిర్కాఫ్, బున్‌సెన్‌లు ఆ గీతల అర్థమును విప్పారు. ప్రతి మూలకమునకు తనదైన గీతల వరుస ఉంటుంది. అది మన వ్రేలిముద్ర వంటిది. పదార్థమును ముట్టుకోకుండా, దాని కాంతిని చూసి అది ఏమిటో చెప్పవచ్చు.

ఈ కథలో మన తెలుగు నేలకు ఒక స్థానము ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ జాన్సెన్ గుంటూరుకు వచ్చారు. వర్ణపటదర్శినితో సూర్యుని అంచున ఎగసే జ్వాలలను పరిశీలించి, అవి వేడెక్కిన వాయువులని గుర్తించారు. ఆ గ్రహణ సమయములో పరిశీలకులకు కనిపించిన ఒక పసుపుపచ్చ గీత, భూమిపై అప్పటికి తెలిసిన ఏ మూలకమునకూ సరిపోలేదు. అదే హీలియము. 1895లో గాని అది భూమిపై దొరకలేదు. అంత దూరములో ఉన్న సూర్యునిలోని పదార్థమును గుంటూరులో నిలబడి పరిశీలించగలిగినపుడు, చేతికి అందే దూరములో ఉన్న మెదడును పరిశీలించలేమా అనే ప్రశ్న సహజమైనదే. దానికి సమాధానము రావటానికి మరి నూరు సంవత్సరములకు పైగా పట్టింది.

వర్ణపటము వైద్యములోనికి మొదట రక్తము ద్వారా ప్రవేశించింది. 1862లో హోప్-సైలర్ రక్తములోని రక్తవర్ణకము, అనగా హీమోగ్లోబిన్, ఏ రంగులను పీల్చుకుంటుందో చూపారు. 1864లో స్టోక్స్ ప్రాణవాయువు ఉన్నపుడు, లేనపుడు ఆ వర్ణపటము మారుతుందని కనుగొన్నారు. కోవిడ్ రోజులలో మీలో చాలామంది వ్రేలికి తగిలించుకొన్న పల్స్ ఆక్సీమీటరు ఆ జ్ఞానము నుంచి వచ్చినదే. 1974లో జపానులో టకువో అయోయాగి దాని సూత్రమును ప్రకటించారు. అందుచేత కాంతితో శరీరమును పరీక్షించుట మనకు తెలియని విద్య కాదు. మన ఇళ్ళలో అల్మారాలలో ఉన్న విద్యయే.

1928: మరొక సంఘటన

డాండీ అర్ధగోళమును తొలగించిన శస్త్రచికిత్సలను ప్రకటించిన 1928వ సంవత్సరములోనే, ఫిబ్రవరి 28న, కలకత్తాలో భారత విజ్ఞాన అధ్యయన సంఘపు ప్రయోగశాలలో చంద్రశేఖర వెంకట రామన్, కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి చేసిన ప్రయోగములతో ఒక క్రొత్త దృగ్విషయమును కనుగొన్నారు. రామన్ తండ్రి విశాఖపట్టణములోని ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. రామన్ బాల్యము, పాఠశాల చదువు ఆ సముద్రతీరముననే గడిచాయి. 1921లో ఐరోపా ప్రయాణములో మధ్యధరా సముద్రపు నీలిరంగు ఆయనను ఆలోచింపజేసింది. ద్రవములలో కాంతి ఎట్లా చెదురుతుందని ఆయన ఏడు సంవత్సరములు పరిశోధించారు.

ఆయన కనుగొన్నది ఇది. ఒకే రంగు గల కాంతిని ఒక పదార్థముపై ప్రసరింపజేస్తే, చెదరిన కాంతిలో చాలా భాగము అదే రంగులో ఉంటుంది. అతి స్వల్ప భాగము మాత్రము రంగు మారి వస్తుంది. పదార్థములోని అణువులు నిరంతరము కంపిస్తూ ఉంటాయి. కాంతి వాటికి కొంత శక్తిని ఇచ్చి, లేదా వాటి నుంచి తీసుకొని, ఆ మేరకు రంగు మార్చుకొంటుంది. ఎంత మారిందో కొలిస్తే ఏ అణుబంధము కంపించిందో తెలుస్తుంది. క్రొవ్వు పదార్థములకు ఒక వరుస గీతలు, మాంసకృత్తులకు మరొక వరుస, కేంద్రకామ్లములకు ఇంకొక వరుస. ఈ ఆవిష్కరణకు రామన్‌కు 1930లో నోబెల్ బహుమానము లభించింది. ఫిబ్రవరి 28ని మనము జాతీయ విజ్ఞాన దినముగా జరుపుకొంటున్నాము.

ఆ తొలి రోజులలో రామన్ వద్ద చేరిన యువకులలో కృష్ణా జిల్లాకు చెందిన సూరి భగవంతం ఒకరు. తరువాత ఆయన వాల్తేరులో ఆచార్యులై పరిశోధన కొనసాగించారు. కాంతి పరిక్షేపణముపై, రామన్ ప్రభావముపై ఆయన ఆంగ్లములో రచించిన గ్రంథము 1940లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నుంచి వెలువడింది.

అయినా ఈ విద్య వైద్యమునకు వెంటనే ఉపయోగపడలేదు. కారణము దాని బలహీనత. చెదరిన కాంతికణములలో సుమారు కోటికి ఒక్కటి మాత్రమే ఈ విధముగా రంగు మారుతుంది. తొలి ప్రయోగములలో వర్ణపటమును ఛాయాచిత్ర ఫలకముపై పట్టుటకు గంటల కొలదీ సమయము పట్టేది. 1960లో లేజరు వచ్చింది. తరువాత సన్నని గాజు తీగల ద్వారా కాంతిని పంపే విద్య, అతి స్వల్ప కాంతిని కూడా లెక్కించగల ఎలక్ట్రానిక్ గ్రాహకములు, వేగముగా లెక్కలు కట్టే కంప్యూటర్లు వచ్చాయి. ఈ నాలుగూ కలిసిన తరువాత గాని రామన్ వర్ణపటము శస్త్రచికిత్సా గదిలోనికి రాలేకపోయింది.

కణితికి రంగు వేసి చూచుట

ఈలోపు వైద్యులు మరొక దారిలో ప్రయత్నించారు. 1947-48లో మిన్నెసోటా విశ్వవిద్యాలయములో జార్జి మూర్ రోగులకు ఫ్లోరెసిన్ అనే ప్రతిదీప్త వర్ణకమును సిరలోనికి ఇచ్చి, అతినీలలోహిత కాంతిలో కణితులు మెరయుటను గమనించారు. ఆరోగ్యకరమైన మెదడులో రక్తనాళములు వర్ణకమును బయటకు పోనీయవు. కణితిలో ఆ అడ్డు సడలి, వర్ణకము కణజాలములోనికి కారుతుంది.

ఈ ఆలోచనకు పరిపక్వ రూపము జర్మనీలో వాల్టర్ స్టుమ్మర్, ఆయన సహచరుల కృషితో వచ్చింది. రోగికి శస్త్రచికిత్సకు కొన్ని గంటల ముందు అయిదు-అమైనో లెవ్యులినిక్ ఆమ్లమును నీటిలో కలిపి త్రాగిస్తారు. ఇది మన శరీరములో రక్తవర్ణకము తయారయ్యే క్రమములో సహజముగా ఉండే పదార్థమే. తీవ్రమైన గ్లయోమా కణములు దీనిని ప్రోటోపార్ఫిరిన్‌గా మార్చి నిలువ చేసుకొంటాయి. సూక్ష్మదర్శిని ద్వారా నీలి-ఊదా కాంతిని ప్రసరింపజేస్తే కణితి ఎర్రగా మెరుస్తుంది. 2006లో ప్రకటితమైన వారి పరిశోధనలో 270 మంది పాల్గొన్నారు. ఈ కాంతి సాయముతో శస్త్రచికిత్స పొందిన వారిలో, ఎమ్.ఆర్.ఐలో కనిపించే కణితి నూటికి 65 మందిలో పూర్తిగా తొలగింది. మామూలు కాంతిలో చేసినవారిలో అది నూటికి 36. ఆరు నెలల వరకు వ్యాధి ముదరని వారు మొదటి వర్గములో నూటికి 41, రెండవ వర్గములో నూటికి 21. అమెరికాలో దీనికి 2017లో అనుమతి లభించింది.

అయితే ఆ పరిశోధనలో రోగుల మొత్తము జీవితకాలములో స్పష్టమైన భేదము కనిపించలేదు. నెమ్మదిగా పెరిగే గ్లయోమాలలో ఈ ఎరుపు చాలా సందర్భములలో కనిపించదు. అంచున పలుచబడిన చోట ఎరుపు మసకబారి గులాబీ రంగవుతుంది, ఆ తరువాత మాయమవుతుంది. కణితి కణములు మాత్రము దానిని దాటి పోయి ఉంటాయి.

రంగు లేకుండా, కణజాలము పలికే మాట

ఏ వర్ణకమూ ఇవ్వకుండా కణజాలము తనంతట తాను ఏమి చెబుతుందో వినుట రామన్ పద్ధతి ప్రత్యేకత. ఆరోగ్యకరమైన మెదడులో, ముఖ్యముగా తెల్లని భాగములో, నాడీతంతువుల చుట్టూ మైలిన్ అనే క్రొవ్వు పొర ఉంటుంది. కణితి వ్యాపించిన చోట క్రొవ్వు తగ్గి, మాంసకృత్తుల పాలు, కణకేంద్రకముల సాంద్రత పెరుగుతాయి. ఈ తేడా రామన్ వర్ణపటములో కనిపిస్తుంది. 2002లో నెదర్లాండ్సులోని రోటర్‌డామ్ పరిశోధకులు శస్త్రచికిత్సలో తీసిన గ్లయోబ్లాస్టోమా ముక్కలలో జీవించియున్న కణితి భాగమును, చనిపోయిన భాగమును ఈ విధముగా వేరుపరచి చూపారు.

బయటకు తీసిన ముక్క వేరు, జీవించియున్న మనిషి మెదడు వేరు. ఆ అడుగును 2015లో కెనడాలోని మాంట్రియల్ నగరములో కెవిన్ పెట్రెక్కా అనే శస్త్రవైద్యుడు, ఫ్రెడెరిక్ లెబ్లాండ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు తమ బృందముతో వేశారు. కలము వలె చేత పట్టుకొనే సాధనమును వారు నిర్మించారు. దాని కొనను మెదడుకు ఆనిస్తే, లేజరు కాంతి పోయి తిరిగి వచ్చి, సెకనులో అయిదవ వంతు కాలములో వర్ణపటము నమోదవుతుంది. గ్లయోమా గల 17 మంది రోగులలో దీనిని పరీక్షించారు. కణితి ఉన్న చోట్లను నూటికి 93 పాళ్ళు కణితిగా, లేని చోట్లను నూటికి 91 పాళ్ళు ఆరోగ్యకరముగా అది గుర్తించింది. ఎమ్.ఆర్.ఐలో కనిపించని, పలుచగా వ్యాపించిన కణితి కణములను కూడా అది పసిగట్టింది.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. కణితి ఉన్న నూరు చోట్లలో ఏడింటిని సాధనము వదలివేస్తుంది. ఆరోగ్యకరమైన నూరు చోట్లలో తొమ్మిదింటిని కణితి అంటుంది. ఆ తొమ్మిదిలో ఒకటి మాట్లాడే కేంద్రములో ఉంటే? అందుచేత తుది నిర్ణయము సాధనమునకు అప్పగించుట తగదు. ఆ చోట మెదడు ఏ పని చేస్తున్నదో, తీస్తే రోగి ఏమి కోల్పోతాడో సాధనము చెప్పదు. దానిని శస్త్రవైద్యుడు తెలుసుకోవాలి. అవసరమైతే రోగిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ తెలుసుకోవాలి. ఈ కాంతి లోతుకు పోలేదనేది మరొక పరిమితి. అది చూసేది ఉపరితలము క్రింద మహా అయితే ఒక మిల్లీమీటరు వరకే.

అమెరికాలో మరొక మార్గము ఏర్పడింది. 2008లో హార్వర్డులో సన్నీ షీ బృందము రెండు లేజరులను ఒకేసారి వాడి, బలహీనమైన రామన్ సంకేతమును ఎన్నో రెట్లు పెంచి, దానితో చిత్రములు తీసే పద్ధతిని ప్రకటించింది. మిచిగన్ విశ్వవిద్యాలయములో డేనియల్ ఓరింజర్, ఆయన సహచరులు దానిని శస్త్రచికిత్సా గదిలో పెట్టగల యంత్రముగా మలచి 2017లో ఫలితములు ప్రకటించారు. తీసిన ముక్కను గడ్డకట్టించనవసరము లేదు, కోయనవసరము లేదు, రంగు వేయనవసరము లేదు. యంత్రములో ఉంచితే, వ్యాధినిర్ధారణ వైద్యులకు అలవాటైన ఊదా-గులాబీ రంగుల చిత్రము వలె తెరపై కనిపిస్తుంది. 2020లో 278 మంది రోగులపై జరిగిన పరిశోధనలో ఆ చిత్రములను కృత్రిమ మేధ రెండున్నర నిమిషముల లోపల చదివి, నూటికి 94.6 పాళ్ళు సరియైన నిర్ధారణ చేసింది. మామూలు పద్ధతిలో వైద్యులు చేసిన నిర్ధారణ 93.9 పాళ్ళు సరిపోయింది. అనగా రెండూ దాదాపు సమానమే. ఒకరు పొరబడిన చోట మరొకరు సరిగా చెప్పిన సందర్భములు ఉండుట ఇందులో గమనించదగినది.

2024లో అదే వర్గము నుంచి వచ్చిన పరిశోధన నేరుగా అంచు ప్రశ్నను తీసుకొంది. 220 మంది గ్లయోమా రోగులలో, కుహరపు గోడ నుంచి తీసిన ముక్కలో కణితి ఎంత మిగిలి ఉన్నదో పది సెకనులలో అంచనా వేశారు. ప్రమాదకరమైన మిగులును ఈ పద్ధతి వదలివేసిన సందర్భములు నూటికి సుమారు నాలుగు. చిత్రములు, ప్రతిదీప్తి ఆధారముగా చేసే మామూలు పద్ధతులలో అది నూటికి దాదాపు ఇరవై అయిదు.

రక్తపు బొట్టులో కణితిని వెదకుట

పుర్రె తెరవకముందే, రక్త పరీక్షతో కణితిని అనుమానించగలమా అనే ప్రయత్నమూ జరుగుతోంది. స్కాట్లండులోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయములో మాథ్యూ బేకర్ బృందము రక్తరసముపై పరారుణ కాంతిని ప్రసరింపజేసి, అది పీల్చుకొన్న తీరును బట్టి మెదడు కణితి ఉన్నవారిని గుర్తించే పద్ధతిని రూపొందించింది. 385 మందిపై జరిగిన ఒక పరిశోధనలో కణితి ఉన్నవారిని నూటికి 81 మంది చొప్పున, లేనివారిని నూటికి 80 మంది చొప్పున ఇది సరిగా గుర్తించింది.

వినుటకు ఇది గొప్పగా ఉంటుంది. అయితే ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. తలనొప్పి, మరపు వంటి లక్షణములు ఉన్న వెయ్యి మందిలో పది మందికి కణితి ఉన్నదని ఉదాహరణకు అనుకొందాము. పరీక్ష ఆ పది మందిలో ఎనిమిది మందిని పట్టుకొంటుంది, ఇద్దరిని వదలివేస్తుంది. కణితి లేని 990 మందిలో నూటికి ఇరవై చొప్పున, అనగా 198 మందిని పొరపాటుగా కణితి ఉన్నవారంటుంది. పరీక్ష 'ఉన్నది' అని చెప్పిన 206 మందిలో నిజముగా కణితి ఉన్నవారు ఎనిమిది మంది మాత్రమే. మిగిలినవారు భయముతో స్కానింగు కేంద్రముల చుట్టూ తిరగాలి. అందుచేత ఈ పరీక్ష వ్యాధిని నిర్ధారించేది కాదు. ఎవరికి ముందుగా స్కాన్ చేయాలో వరుస నిర్ణయించుటకు, లక్షణములు ఉన్నవారిలో వైద్యునికి సాయపడుటకు ఉద్దేశించినది. ఆరోగ్యముగా ఉన్నవారందరికీ చేసే పరీక్షగా దీనిని భావించకూడదు.

పాఠకులు గుర్తుంచుకోవలసిన విషయములు

మొదటిది: మెదడు కణితిని కనుగొనుటకు నేటికీ ప్రధానమైనవి వైద్యుడు రోగిని పరీక్షించుట, సి.టి. లేక ఎమ్.ఆర్.ఐ చిత్రము, ఆపై కణపరీక్ష. కాంతి వర్ణపట పద్ధతులు వీటికి తోడుగా ఎదుగుతున్నవి. చాలావరకు శస్త్రచికిత్సా గదిలో, కొన్ని పెద్ద కేంద్రములలో వాడబడుతున్నవి. తలపై కాంతిని ప్రసరింపజేసి కణితిని కనుగొంటామని ఎవరైనా ప్రకటిస్తే నమ్మి డబ్బు వెచ్చించవద్దు.

రెండవది: మీ వైద్యుడు ఎమ్.ఆర్. స్పెక్ట్రోస్కోపీ అని వ్రాసి ఇవ్వవచ్చు. పేరు ఒకటే అయినా అది ఈ వ్యాసములో చెప్పిన కాంతి పరీక్ష కాదు. అయస్కాంత క్షేత్రమును, రేడియో తరంగములను వాడి మెదడులోని కొన్ని రసాయనముల పాళ్ళను కొలిచే పరీక్ష అది. ఎమ్.ఆర్.ఐ యంత్రములోనే చేస్తారు.

మూడవది: తలనొప్పులలో అత్యధిక భాగము కణితుల వలన కలుగవు. అయితే పెద్దవయస్సులో మొదటిసారిగా మూర్ఛ వచ్చినా, ఒక చేయి లేక కాలు బలహీనపడినా, మాట తడబడినా, చూపు తగ్గినా, ఉదయము లేవగానే తలనొప్పితో వాంతులు అవుతున్నా, మనిషి ప్రవర్తనలో కారణము లేని మార్పు కనిపించినా ఆలస్యము చేయక వైద్యుని సంప్రదించాలి. లక్షణములు హఠాత్తుగా వస్తే అది పక్షవాతము కావచ్చు. వెంటనే అత్యవసర విభాగమునకు వెళ్ళాలి.

నాలుగవది: మీ ఇంటిలో ఎవరికైనా గ్లయోమా శస్త్రచికిత్స జరుగబోతుంటే, అంచును గుర్తించుటకు ఆ కేంద్రములో ఏ సదుపాయములు ఉన్నాయో అడుగుట మీ హక్కు. ప్రతిదీప్త వర్ణకము, ఘనీభవన పరీక్ష, మెలకువలో శస్త్రచికిత్స వంటి వాటిలో ఏవి మీ రోగికి తగినవో శస్త్రవైద్యుడు వివరిస్తారు. ఉన్న సాధనముల కంటె వాటిని వాడే చేతుల అనుభవము ముఖ్యమని కూడా గుర్తుంచుకోండి.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఈనాడు కూడా "అంతా తీసేశాము" అని ఏ నిజాయితీపరుడైన వైద్యుడూ గ్లయోమా విషయములో చెప్పలేడు. తీవ్రమైన గ్లయోబ్లాస్టోమాకు శస్త్రచికిత్స తరువాత వికిరణ చికిత్స, మందులు తప్పవు. అవి ఇచ్చినా ఆ వ్యాధి ఇంకా లొంగలేదు. మారినది ఒక్కటే. ఆనాడు మా ఆచార్యులు కంటికి కనిపించిన మేరకే మాట ఇవ్వగలిగారు. ఈనాటి వైద్యుడు అంచున చోటు చోటునా ప్రశ్న వేసి, కొద్ది సెకనులలో సమాధానము తెలుసుకొని, ఎక్కడ ఇంకొంచెము తీయవచ్చునో, ఎక్కడ ఆగిపోవాలో మరింత ఎరుకతో నిర్ణయించగలడు. ఎంత తీశామో, ఏది మిగిలిందో, ఎందుకు వదలివేశామో ఆ తల్లికి చెప్పగలడు. తెలిసి వదలుటకు, తెలియక వదలుటకు రోగి కుటుంబము దృష్టిలో చాలా తేడా ఉంటుందని నా వృత్తి జీవితము నాకు నేర్పింది.